వెనక్కి దూకడం

బాలగంగాధరం కొత్తపేట రిజిస్ట్రారు ఆఫీసులో కాపీయిస్టు. జనం తెచ్చుకున్న దస్తావేజులను అక్షరం పొల్లుపోకుండా ఆఫీసు పుస్తకాల్లోకి ఎక్కించడం ఆయన పని. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే బల్ల, ఒకే వంగడం. భుజాలు రెండూ ముందుకు ముడుచుకుపోయి, దూరం నుంచి చూస్తే ఎవరినో ఏదో అడగడానికి మొహమాటపడుతున్నవాడిలా కనిపించేవాడు. ఆ భుజాలు విచ్చుకునేది పొద్దున్న ఒక్క గంట, పలివెల కాలవలో.

ఆయన ఈదేది ఎప్పుడూ వెల్లకిలానే. పదకొండో ఏట ముక్కులో ఏదో వాపు వచ్చింది. నీళ్ళు ఎక్కితే చాలు, రెండు రోజులు తలపోటుతో పడుకునేవాడు. తల ముంచొద్దని అమలాపురం డాక్టరు గట్టిగా చెప్పాడు. కాలవ పక్కన పుట్టిన పిల్లాడు ఈత మానేదెలా? మొహం ఆకాశానికి పెట్టి ఈదడం అలవాటు చేసుకున్నాడు. వాపు ఎప్పుడో తగ్గింది గాని అలవాటు పోలేదు, భయమూ పోలేదు. యాభై దాటాక కూడా కాలవలో మునక వేసేటప్పుడు రెండు వేళ్ళతో ముక్కు బిగబట్టుకునేవాడు.

1980 చివర్లో విశాఖపట్నంలో ప్రభుత్వోద్యోగుల ఆటల పోటీలని ఆఫీసుకు ఒక సర్క్యులరు వచ్చింది. ఈతలో నలభై అయిదేళ్ళు దాటినవాళ్ళకు వేరే పందెం ఉంది, వెల్లకిల ఈత యాభై మీటర్లు. హెడ్డు గుమాస్తా సగం వేళాకోళంగా ఆయన పేరు రాసి పంపేశాడు. గంగాధరం కాదనలేదు. యాభై రెండేళ్ళ వయసులో కొత్త నిక్కరు ఒకటి కుట్టించుకుని బస్సెక్కాడు.

ఈతకొలను చూడడం అదే మొదటిసారి. అడుగున గళ్ళు కనిపించేంత తేటగా ఉన్న నీళ్ళు చూసి ఆయనకు సిగ్గులాంటిది వేసింది. కాలవ ఎరుపులో ఒళ్ళు దాగుతుంది, ఇక్కడ దాగదు. వెల్లకిల ఈతగాళ్ళందరినీ ముందే నీళ్ళలోకి దింపారు. గోడకు అమర్చిన కడ్డీ పట్టుకుని, పాదాలు గోడకు తన్నిపెట్టి, విజిలు వినగానే వెనక్కి దూకాలి. మిగతా అయిదుగురూ అలాగే ముడుచుకుని కూర్చున్నారు. గంగాధరం వాళ్ళను చూసి తనూ కూర్చున్నాడు.

విజిలు మోగింది. పాదాలు నున్నటి పలకల మీద జారిపోయాయి. కూర్చున్నవాడు కూర్చున్నట్టే నీళ్ళలోకి దిగబడ్డాడు. ముక్కులోంచి నీళ్ళు నడినెత్తికి ఎక్కాయి. దగ్గుతూ పైకి తేలి చూసేసరికి పక్కవాళ్ళు ఎక్కడో ఉన్నారు. ఆ తర్వాత ఆయన ఈదిన ఈత గురించి అక్కడివాళ్ళు చాలాసేపు చెప్పుకున్నారట. అందరికంటే వెనక మొదలైనవాడు ఇద్దర్ని దాటి, మూడోవాడిని గోడ దగ్గర అందుకున్నంత పని చేశాడు.

పందెం గెలిచినది పాపారావు. విశాఖపట్నంలోనే ఏదో ఆఫీసులో పని, గంగాధరం ఈడువాడే. తువ్వాలుతో తల తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏ ఊరండీ తమది?"

"కోనసీమండి. పలివెల."

"ఈతలో మీరు నాకంటే గట్టివారండీ, అబద్ధం చెప్పను. కాని మీరు మొదలుపెట్టేసరికే నేను మూడు బారలు పోయాను. ఆ దూకడం ఒక్కటీ నేర్చుకున్నారంటే మాకెవరికీ దొరకరు."

"ఈ వయసులోనాండీ?"

"నేను నేర్చుకున్నది నలభై ఏడో ఏట" అన్నాడు పాపారావు.

తిరుగు బస్సులో గంగాధరం ఆ మూడు బారల గురించే ఆలోచించాడు. చెయ్యి ఆడించడంలో తేడా లేదు, దమ్ములో తేడా లేదు. తేడా అంతా మొదటి రెండు క్షణాల్లో ఉంది. ఎందుకో గాని ఆ సంగతి ఆయనకు బాధ కలిగించలేదు, ఆకలి కలిగించింది.

కాలవ మీద లాకుల దగ్గర రాతిగోడ ఉంది. లాకు తలుపులు చూసుకునే లస్కరు కొండబాబును అడిగితే, తలుపులకు దూరంగా, నీటి లాగుడు లేని మూల చూపించాడు. అక్కడ పూర్వం పడవలు కట్టుకున్న ఇనప కడియాలు రెండు గోడలో ఉన్నాయి. వాటికి కొబ్బరితాడు వేసి, మధ్యలో వెదురుబొంగు కట్టి ఇచ్చాడు.

"జాగర్తండి పంతులుగారూ, మీకేవన్నా అయితే మా ఇంజినీరు గారు నన్ను పన్లో ఉంచరండి" అన్నాడు.

మర్నాడే మొదలుపెట్టాడు. గోడ నిండా నాచు. కొబ్బరిపీచు తెచ్చి, పాదాలు ఆనేమేర శుభ్రంగా రుద్దాడు. మోకాళ్ళు పూర్తిగా మడవడానికి రావడం లేదు. రెండు పాదాలూ ఒకే ఎత్తులో కాకుండా ఒకటి కాస్త కిందగా పెడితే పట్టు దొరుకుతోందని వారం రోజులకు తెలిసింది. జారడం ఆగింది. ముక్కు మాత్రం లొంగలేదు. తల వెనక్కి వాలిస్తే చాలు, నీళ్ళు ఎక్కుతాయన్న భయంతో మెడ దానంతటదే బిగుసుకుపోయేది. చేతులు రెండూ బొంగు మీద ఉంటే ముక్కు పట్టుకునేదెవరు? ఊపిరి బిగబట్టి చూశాడు. లాభం లేదు. రోజూ రెండుమూడు సార్లు దూకేవాడు, ఆఫీసులో సాయంత్రం దాకా తలపోటుతో రాసుకునేవాడు.

ఒకరోజు తాడు ఒరుసుకుని కుడి అరచెయ్యి చీరుకుపోయింది. కాలవలో స్నానం చేస్తూ ఆ చెయ్యి తడవకుండా పైకెత్తి పట్టుకున్నాడు. ఎడమ చేత్తో చెంబు. ఓంకారం పలుకుతూ, పరధ్యానంగా అలాగే మునిగాడు. లేచాక గాని తెలియలేదు, ముక్కు పట్టుకోలేదని. నీళ్ళు ఎక్కలేదు.

మళ్ళీ మునిగాడు, ఈసారి కావాలని. పెదవులు మూసి ముక్కుతో "మ్" అంటూ దిగాడు. ముక్కులోంచి బుడగలు పైకి పోతున్నాయి, నీళ్ళు లోపలికి రావడం లేదు.

తండ్రి సుందరరామయ్యగారు ఘనపాఠి. పదేళ్ళ వయసులో కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముక్కుతో పలికే ఆ ఒక్క నాదాన్నీ తెగకుండా సాగదీయమని గంటలకొద్దీ చెప్పించేవాడు. తెగితే మళ్ళీ మొదటికి. తర్వాత కాలం మారిందని ఆయనే ఇంగ్లీషు బడికి పంపాడు. వేదం సగంలో ఆగిపోయింది. దానివల్ల తనకు మిగిలిందేమీ లేదని గంగాధరం అనుకుంటూ వచ్చాడు. ఆ ఉదయం నడుంలోతు నీళ్ళలో నిలబడి, తండ్రి గొంతు గుర్తుచేసుకుంటూ పదిహేనుసార్లు మునిగాడు. చీరుకున్న చెయ్యి తడిసిపోయిందని ఇంటికి వచ్చాక భార్య చెబితే చూసుకున్నాడు.

ఆ ఏడాదంతా అదే సాధన. 1982 జనవరిలో మళ్ళీ విశాఖపట్నం వెళ్ళాడు. విజిలు మోగగానే ముక్కులో నాదం, పాదాల్లో తన్ను. పాపారావు వెనకాలే వెళ్ళి గోడ ముట్టుకున్నాడు. రెండో స్థానం. ఒడ్డున నిలబడి పేర్లు చదువుతుంటే విన్నాడు. పాపారావు పేరు చదివారు. ఆ తర్వాత ఇంకెవరి పేరో చదివారు.

జడ్జీ పక్కకు పిలిచి మర్యాదగానే చెప్పాడు. "మీ కాలివేళ్ళు నీటి పైన ఉన్నాయండీ. రూలు ప్రకారం పాదాలు పూర్తిగా నీళ్ళలోపల ఉండాలి. మిమ్మల్ని లెక్కలోకి తీసుకోలేకపోయాం."

గంగాధరానికి అప్పుడు అర్థమైంది. కాలవలో తను పాదాలు పెట్టేది ఎప్పుడూ నాచు రుద్దిన ఆ చోటే. వానాకాలంలో అది నీళ్ళలో ఉండేది. తర్వాత కాలవ జానెడు తగ్గింది, తను గమనించనేలేదు. నీటి పైనుంచి తన్నడం అలవాటైపోయింది. పలకలపై కూడా అదే ఎత్తు వెతుక్కున్నాయి పాదాలు.

ఊళ్ళో ఎవరు అడిగినా "పోయిందండి" అన్నాడంతే. లాకుల దగ్గర మాత్రం దాచలేకపోయాడు. కొండబాబు భార్య లోవమ్మ ఇన్నాళ్ళూ గట్టు మీద అంట్లు తోముకుంటూ ఈ దూకుడంతా చూస్తూ ఉండేది. ఎప్పుడూ మాట కలపలేదు. సంగతి విని గిన్నె కింద పెట్టేసింది.

"అయ్యో, నేను చూసేనండి పంతులుగారూ! కాళ్ళు పైకొచ్చేసేయని చూసేను. అలాగే పెట్టాలేవో అనుకున్నానండి. చెప్పాల్సింది."

"నీకేం తెలుస్తుంది లోవమ్మా, రూలు నాకే తెలీదు."

"ఇంకోటి కూడా చూసేనండి. చెప్పమంటారా?"

"చెప్పు."

ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంది. "మీరు దూకటం లేదండి. కూలబడతన్నారు. పీట మీంచి ఎనక్కి పడ్డట్టు, ముందు నడుం నీళ్ళకి తగులుతందండి. పెద్ద చప్పుడు. మా గేదెలు కాలవలోకి దిగినా అంత చప్పుడు రాదండి."

గంగాధరం నవ్వేశాడు. వారం రోజుల తర్వాత అదే మొదటి నవ్వు.

"మరేం చెయ్యాలంటావు?"

"నాకేటి తెలుసండి? చేప ఎగిరి పడినప్పుడు చూడండి, ముందు తల పోద్ది. తల పోయిన బెజ్జంలోనే ఒళ్ళంతా పోద్ది. మీరేమో ఇంత కాలవా పగలగొడతన్నారు."

ఆ రోజునుంచి లోవమ్మ గట్టు మీద నిలబడి చూడడం, చూసింది చెప్పడం మొదలైంది. పాదాలు నీటి కిందికి దించితే తన్ను బలం తగ్గిపోయింది. ఒళ్ళు బొంగు దాకా పైకి లాక్కుందామంటే ఆ భుజాలకు శక్తి లేదు. పాపారావులా ఎత్తుగా లేవడం తన వల్ల కాదని గంగాధరం ఒప్పుకున్నాడు. కిందనే ముడుచుకుని ఉండి, తల వెనక్కి విసిరి, ఎదురుగట్టు కొబ్బరిచెట్ల మొవ్వులు తలకిందులుగా కనిపించేదాకా చూడాలి. చేతులు పక్కనుంచి తలమీదికి తేవాలి. కాళ్ళు చివర్న తన్నాలి. చెప్పుకోవడానికి ఇంతే. ఒళ్ళు వినడానికి నెలలు పట్టింది.

"ఆయ్, ఇప్పుడు తల పోయిందండి. నడుం ఇంకా కిందే ఉంది."

"ఈపాలి చప్పుడు తగ్గిందండి."

"ఇదేటండి, మళ్ళీ పీటే!"

వేసవి వచ్చింది, కాలవలకు నీళ్ళు ఆపేశారు. అడుగున బురద తప్ప ఏమీ లేదు. గంగాధరం పెరట్లో గడ్డిమేటు పక్కన ఎండుగడ్డి మెత్తగా పరిపించి, అరుగు అంచున గొంతుకూర్చుని, వెనక్కి విరుచుకుపడడం సాధన చేశాడు. మొదటిరోజు భార్య రాజరాజేశ్వరి పెరట్లోకి వచ్చి, భర్త కాళ్ళు గాలిలో చూసి కెవ్వున అరిచింది. ఆయన గడ్డిలోంచి లేచి, ఒంటికి అంటుకున్న పరకలు దులుపుకుంటూ సంగతి చెప్పాడు.

"మెడ విరిగితే? పక్కింటి కామేశ్వరి నిన్ననే అడిగింది, మీ ఆయనకి ఏదైనా గాలి సోకిందా అని."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? వ్యాయామం అన్నాను." ఆయన జుట్టులో పరక ఒకటి తీసేస్తూ అడిగింది. "అంత అవసరమా అండీ, ఇదంతా?"

గంగాధరం అరుగు మీద కూర్చున్నాడు. "వెనక్కి పడడమంటే చిన్నప్పట్నుంచీ భయం రాజేశ్వరీ. వెనకేముందో కనపడదు కదా. ఇప్పుడు రోజూ పడుతున్నాను. ఏమీ అవటం లేదు. అది బావుంది."

 మర్నాడు ఆమె పాత పరుపు ఒకటి గడ్డి మీద వేయించింది.

మరుసటి ఏడాది పోటీలు మార్చిలో అన్నారు. గంగాధరం సిద్ధంగా ఉన్నాడు. ఫిబ్రవరిలో ప్రభుత్వం రిటైర్మెంటు వయసు యాభై ఎనిమిది నుంచి యాభై అయిదుకు దించేసింది. ఆయనకు యాభై అయిదు నిండి రెండు నెలలు. నెలాఖరున వేలమందితో పాటు ఇంటికి వచ్చేశాడు. సన్మానాలు లేవు, దండలు లేవు. బల్ల సొరుగులోని కలాలు, కళ్ళజోడు పెట్టె సంచీలో వేసుకుని సైకిలెక్కాడు. ఉద్యోగులకే పరిమితమైన పోటీలు కాబట్టి అదీ అయిపోయింది.

కాలవకు వెళ్ళడం మానేశాడు. నూతి దగ్గర నాలుగు చెంబులు పోసుకుని వచ్చి వీధి అరుగు మీద కూర్చునేవాడు. భుజాలు మళ్ళీ ముందుకు వచ్చేశాయి. రాజరాజేశ్వరి ఎన్ని చెప్పినా "చూద్దాంలే" అనేవాడు. మూడు వారాలు చూసి, ఆమె ఏమనుకుందో, ఒకరోజు తనే లాకుల దాకా నడిచి వెళ్ళింది.

ఆ సాయంత్రమే లోవమ్మ వచ్చి గుమ్మం ముందు నిలబడింది. ఆ ఇంటికి ఆమె రావడం అదే మొదలు.

"పంతులుగారండీ, కాలవకి రావటం లేదేటండి?"

"ఎందుకు లోవమ్మా, ఇంక పోటీలు లేవు."

"మీ ఉజ్జోగం తీసేసింది గవర్నమెంటోరు గానండి, కాలవ తీసెయ్యలేదు కదండీ. అంత కష్టపడి చప్పుడు తగ్గించుకున్నారు. నా కళ్ళతో నేను చూసేను. ఇప్పుడొదిలేస్తే నాకే బాధగా ఉందండి, ఆయ్."

రాజరాజేశ్వరి లోపల్నుంచి మంచినీళ్ళు తెచ్చి ఆమెకు ఇచ్చింది. "లోపలికొచ్చి కూర్చో లోవమ్మా" అంది. లోవమ్మ గడప దాటలేదు గాని, అరుగు మీద కూర్చుంది.  మర్నాడు తెల్లారేసరికి గంగాధరం లాకుల దగ్గర ఉన్నాడు. తాడు ఊడిపోయి ఉంటే కొండబాబు కొత్తది కట్టాడు.

వర్షాలు తగ్గాక పాపారావు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. తననూ పంపించేశారట. ఇలాంటి నాలుగూళ్ళ ఈతగాళ్ళు కలిసి, ఉద్యోగంతో పనిలేకుండా వయసు మళ్ళినవాళ్ళకు పోటీ పెట్టుకుంటున్నారట, ఫిబ్రవరిలో, అదే కొలనులో. "మీరు లేకుండా గెలిస్తే నాకు రుచించదు" అని కింద రాశాడు.

ఈసారి గంగాధరం ఒక్కడూ వెళ్ళలేదు. రాజరాజేశ్వరి వస్తానంది. "లోవమ్మని కూడా తీసుకెళదామండీ, తను చెప్పకపోతే మీకు తోచదు" అని కూడా తనే అంది. కొండబాబు తన వంట తనే చేసుకుంటానని భరోసా ఇచ్చాడు. బస్సులో ఆడవాళ్ళిద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. తుని దాటాక రాజరాజేశ్వరి పులిహోర పొట్లాలు విప్పింది. ఒకటి భర్తకు, ఒకటి లోవమ్మకు. తనది పక్కన కూర్చునే తింది.

కొలను గట్టున లోవమ్మ కొంగు బుగ్గకు ఆనించుకుని నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. "అడుగు కనపడతందేటండి అమ్మగారూ! అయితే లోపలికెళ్ళేక కూడా కనపడతారా?"

గంగాధరం నీళ్ళలోకి దిగాడు. పక్క గీతలో పాపారావు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని తల పంకించారు. కడ్డీ పట్టుకుని పాదాలు పలకల మీద పెట్టాడు, ఒకటి కాస్త కిందగా. వేళ్ళు నీటి కింద ఉన్నాయో లేదో వంగి చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు.  ముడుచుకున్నాడు.

విజిలు.

తల విసిరాడు. కొబ్బరిమొవ్వులు లేవు, షెడ్డు రేకులు కనిపించాయి తలకిందులుగా, ఆ వెనకాల ఆకాశం. చేతుల వేళ్ళు నీటిని చీల్చాయి. ఆ చీలికలోనే తల, భుజాలు, నడుం వరసగా జారిపోయాయి. పెద్ద చప్పుడేమీ లేదు. ముక్కులో నాదం తెగకుండా సాగుతోంది. నీళ్ళలోంచి పైన వెలుగు ముక్కలు ముక్కలై కదలడం చూశాడు. జీవితంలో మొదటిసారి నీటి కింద కళ్ళు తెరిచి ఉన్నాడు. తేలేసరికి పక్కన ఎవరూ లేరు. వెనకపడ్డానేమోనని ఒక్క క్షణం బెదిరాడు. కాదు, అందరూ తన కాళ్ళ దగ్గర ఉన్నారు.

నలభై మీటర్ల దాకా ఆయనదే. చివర్లో దమ్ము చాలలేదు. పాపారావు అందుకుని, ఒక చెయ్యి తేడాతో గోడ ముట్టుకున్నాడు. మొదటి ఏడాది యాభై రెండు సెకండ్లు పట్టిన దూరం గంగాధరం ఇప్పుడు నలభై ఆరులో ఈదాడు. రెండో స్థానం. పేరు చదివేదాకా ఆయన ఒడ్డున కూర్చోలేదు. చదివారు.

పాపారావు ఆయాసం తీర్చుకోవడానికి చాలాసేపు పట్టింది. "అదేం దూకుడండీ బాబూ! నలభై మీటర్లు మీ కాళ్ళు చూస్తూ ఈదాను. ఎవరు నేర్పారండీ?"

గంగాధరం జవాబు చెప్పేలోపు గట్టు మీదనుంచి జడ్జీ గొంతు వినిపించింది. పోటీదార్లు తప్ప ఎవరూ నీళ్ళ అంచుకు రాకూడదని, అక్కడ నిలబడ్డ లోవమ్మను వెనక్కి వెళ్ళమంటున్నాడు.

"మీరెవరమ్మా? ఎవరి తాలూకు?"

లోవమ్మ తడబడలేదు. "పలివెల పంతులుగారికి దూకటం నేర్పిందాన్నండి, ఆయ్."

జడ్జీ నమ్మనట్టు రాజరాజేశ్వరి వైపు చూశాడు.

"అవునండీ, ఆవిడే" అంది రాజరాజేశ్వరి.